సర్కారు కొలువు – న్యాయస్థానపు వాకిలి



మన సంఘమున సర్కారు కొలువునకు గల గౌరవమును మేము క్రొత్తగా చెప్ప నక్కరలేదు. పూర్వము పిల్లవానికి సంబంధము చూచునపుడు మొదటి ప్రశ్న భూమిని గూర్చియు, రెండవ ప్రశ్న కొలువును గూర్చియు నుండెడిది. ఇప్పుడా వరుస తారుమారైనది. బంట్రోతు మొదలు తహశీలుదారు వరకు, కానిస్టేబులు మొదలు ఉపాధ్యాయుని వరకు ఒక్కని జీతముపై పదిమంది బ్రదుకుచుందురు. అట్టి కొలువు ఒకనాడు ఒక అరఠావు కాగితముతో పోవును. బర్తరఫనియో, తొలగింపనియో, నిర్బంధ విశ్రాంతియనియో దానిపై వ్రాయబడియుండును. అప్పుడు ఇంటిల్లిపాదియు నడుగు ప్రశ్న యొక్కటియే: కోర్టుకు పోవచ్చునా?

పెద్దలు కొందరు 'సర్కారుతో వ్యాజ్యమా, పొట్టేలు కొండను ఢీకొనుట గాదా' యని నిరుత్సాహపరతురు. యువకులు కొందరు ఉత్తర్వు చేతబడిన మరునాడే వకీలు గుమ్మము నెక్కుదురు. ఈ యిరువురి మాటలకును వెనుక చరిత్ర కలదు. పెద్దల మాట యొకనాటి చట్టము. అప్పటి కది నిజమే. యువకుల తొందర యిప్పటి చట్టమును సగము తెలిసికొనుటవలన గలిగినది. కావున ఈ సంచికలో వంశవృక్షములను, గోత్రనామములను ఇతరులకు విడిచి, మేమీ విషయమును చేపట్టితిమి.

ఛత్రినాకనుండి బయలుదేరి లాల్‌దర్వాజా, శాలిబండ, చార్మినారు, పత్తర్‌గట్టి, మదీనా దాటినచో మూసీ యొడ్డున హైకోర్టు భవనము కనబడును. కాలినడకను పోదగిన దూరమే. నాకా యనగా వచ్చిపోవువారిని నిలిపి విచారించు తావు. న్యాయస్థానమునకు పోవు త్రోవలో సర్కారు నౌకరును నిలిపిన నాకాలు మాత్రము తలచుకొన్న నాశ్చర్యమగును. కొన్ని రాజులు పెట్టినవి, కొన్ని శాసనసభలు పెట్టినవి, కొన్ని న్యాయమూర్తులే పెట్టినవి.

ఆ భవనమును విన్సెంట్ ఎష్ అను శిల్పి రూపకల్పనతో నిర్మించిరి, 1920లో తెరచిరి. మరుసటి యేడు, 1921లో, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖనుండి వేరుచేసెను. బ్రిటిషు ఇండియాలో కలెక్టరే మేజిస్ట్రేటుగానుండి తన పోలీసులు తెచ్చిన నిందితునికి తానే శిక్ష వేయుచున్న దినములలో ఈ సంస్థానము ఈ పని చేయుట నిజముగా గొప్ప విషయము. అయినను ఈ భవనపు గుమ్మటములకు పైన మరియొక గుమ్మటముండెను. దాని పేరు ఫర్మానా. నిజాము సంతకముతో వెలువడిన ఫర్మానాయే చట్టము, అదియే తీర్పు, అదియే తీర్పును రద్దు చేయు సాధనము. 1955లో సుప్రీముకోర్టు, నవాబు వలీఉద్దౌలా వారసత్వ వ్యాజ్యమున, ఈ విషయమును విచారించి, నిజాము పాలనలో ఫర్మానా సార్వభౌముని యిచ్ఛ గనుక ఏ చట్టముతోనైన సమానముగా కట్టుబాటు గలదనియు, అదివరకున్న చట్టములను సైతము మార్చగల్గెననియు నిర్ణయించెను. ఆస్తి హక్కుల సంగతియే యిట్లుండ, నౌకరి సంగతి చెప్పనేల? పదవి పోయినవాడు అర్జీ పెట్టుకొనవలసినదే. అర్జీకిని వ్యాజ్యమునకును భేదమేమన, అర్జీదారుడు దయ నడుగును, వాది హక్కు నడుగును. నిజాము నౌకరునకు మొదటిది మాత్రమే యుండెను.

ఆ రాజ్యమున ఉద్యోగములగూర్చిన పెద్ద వివాదము తొలగింపును గూర్చినది కాదు, ప్రవేశమును గూర్చినది. సాలారుజంగు దివానుగానున్న కాలమునుండి ఉత్తరదేశపు అధికారులు పెక్కురు వచ్చి చేరుటచే 'ముల్కీ', 'గైరుముల్కీ' యను మాటలు పుట్టినవి. 1919లో వెలువడిన ఫర్మానావలన ముల్కీ నిబంధనలు స్థిరపడినవి: పుట్టుకచేతనో, 15 సంవత్సరముల నివాసముచేతనో ముల్కీ యైనవానికే కొలువులు. ఈ నిబంధన నిజాముతో పోలేదు. అర్ధశతాబ్దము తరువాత దేశపు అత్యున్నత న్యాయస్థానమువరకు వెళ్ళి మూడు పర్యాయములు మన రాష్ట్రమును గడగడలాడించెను. ఆ కథ ముందు రాగలదు.

ఇక బ్రిటిషువారి క్రింద నున్న తెలుగుదేశమును చూతము. అక్కడ ఫర్మానా లేదు, కాని 'ప్రభువు ఇచ్ఛ' యను సూత్రము గలదు. ఇంగ్లండు చట్టమునందు రాజసేవకుడు రాజునకు ఇష్టమున్నంతకాలము కొలువుండును, ఇష్టము తప్పిన మరుక్షణమున పోవును, కారణమడుగుటకు వీలులేదు. దీనిని 1919 నాటి ఇండియా ప్రభుత్వ చట్టమునందు 96-బి సెక్షనుగా వ్రాసిరి. కాని ఆ సెక్షనులోనే రెండు మాటలు చేర్చిరి. ఒకటి: ఇచ్ఛ యనునది చట్టము క్రింద చేయబడు నిబంధనలకు లోబడియుండును. రెండు: నియమించిన యధికారికంటె క్రింది యధికారి యెవ్వరును ఉద్యోగిని బర్తరఫు చేయరాదు. చూచుటకు రెండును రక్షణలే. వీని విలువ యెంతయో తెలియుటకు మదరాసు రాజధానినుండి ఇద్దరు చిన్న యుద్యోగులు సముద్రము దాటి లండనునందలి ప్రీవీ కౌన్సిలుకు పోవలసివచ్చెను.

మొదటివాడు ఆర్. వెంకటరావు. మదరాసు ప్రభుత్వ ముద్రణాలయమున ప్రూఫులు చదువు రీడరు. పరీక్షాపత్రములు ముందుగా బయటబడినవను ఆరోపణతో నాతనిని బర్తరఫు చేసిరి. నిబంధనల ప్రకారము జరుపవలసిన విచారణ సరిగా జరుగలేదనుట యాతని వాదము. ప్రీవీ కౌన్సిలు ఆ వాదము నంగీకరించెను! విచారణ జరుపవలసినట్లు జరుగలేదని స్పష్టముగానే చెప్పెను. చెప్పియు అప్పీలును కొట్టివేసెను. కారణమేమన, నిబంధనలు పాటింపబడునను నమ్మకము ఉద్యోగికి చట్టము కల్పించినదే కాని, వానిని ఉల్లంఘించినపుడు దావా వేయు హక్కును కల్పింపలేదట. పరిహారము కావలెనన్న పై యధికారులకే అప్పీలు చేసికొనవలెనట. అనగా అన్యాయము జరిగినదని న్యాయమూర్తులే యొప్పుకొని, దాని నివారణమునకు అన్యాయము చేసినవారి యొద్దకే తిరుగ బంపిరన్నమాట. ఈ తీర్పును చదివినపుడెల్ల మాకు నవ్వును, దుఃఖమును ఒకేసారి కలుగును.

రెండవవాడు రంగాచారి, పోలీసు సబ్‌ఇన్‌స్పెక్టరు. అతనిని నియమించిన యధికారి వేరు. తొలగించిన యధికారి అంతకు క్రిందివాడు. అతని యప్పీలు కూడ అదే కాలమున, అదే ప్రీవీ కౌన్సిలుచే విచారింపబడెను. రెండు తీర్పులును 1937 నాటి నివేదికలలో ఇంచుమించు ప్రక్కప్రక్కనే అచ్చైనవి. రంగాచారికి మాత్రము, తొలగింపు చెల్లదని తీర్పు వచ్చెను. ఏల? క్రింది యధికారి తొలగింపరాదను మాట నిబంధనలలో గాక, పార్లమెంటు చేసిన చట్టములోనే యుండెను. అధికారులు చేసిన నిబంధన అధికారులకు చెప్పిన మాట. చట్టము చేసిన శాసనము న్యాయస్థానము చేతిలోని యాయుధము. ఈ భేదమే మన కథకంతకును బీజము. ఉద్యోగి కోర్టుకెక్కవచ్చునా యను ప్రశ్నకు ఆ కాలపు సమాధానమిది: నీకు జరిగిన యన్యాయము ఎంత గొప్పదని యడుగము, నిన్ను గాపాడు మాట యే పుస్తకములో నున్నదని యడుగుదుము.

1935 నాటి ఇండియా ప్రభుత్వ చట్టమును రచించినవారు ఈ పాఠమును గ్రహించిరి. సంజాయిషీ చెప్పుకొనుటకు తగిన యవకాశమియ్యక యెవ్వరిని బర్తరఫు చేయరాదను నియమమును ఈసారి నిబంధనలలోనుండి తీసి, 240వ సెక్షనులో నుంచిరి. దాని ఫలితము 1948 మార్చిలో కనబడెను. పంజాబున పనిచేసిన ఐ. యం. లాల్ అను సివిలు సర్వీసు అధికారిని 1940లో బర్తరఫు చేసిరి. శిక్ష యిట్టిదని తలచుచున్నాము, నీవేమందువని యాతని నడుగలేదు. ప్రీవీ కౌన్సిలు ఆ బర్తరఫు చెల్లదనెను. దావావేసిన నాటికి ఆతడు ఉద్యోగములోనే యున్నట్లు ప్రకటించెను. మరి యన్ని సంవత్సరముల జీతము? అది మాత్రము దావాలో రాదనెను. రాజుపై జీతమునకు దావా లేదను ఇంగ్లీషు సూత్రమే యింకను మిగిలియుండెను. కొలువు తిరిగి వచ్చినది, జీతము రాలేదు. ఆ తుది నాకా తొలగుట 1954లో. అప్పుడు సుప్రీముకోర్టు, బీహారునకు చెందిన అబ్దుల్ మజీద్ అను సబ్‌ఇన్‌స్పెక్టరు వ్యాజ్యమున, బాకీ జీతము కూడ దావాలో రాబట్టుకొన వచ్చునని చెప్పెను.

ఈలోపల రెండు రాజ్యములు ఒక్కటైనవి. 1948 సెప్టెంబరున సైనికచర్య జరిగెను. 1949 నవంబరు 23న నిజాము భారత రాజ్యాంగము నంగీకరించుచు ఫర్మానా వెలువరించెను. ఫర్మానాల సార్వభౌమత్వమును ముగించిన ఫర్మానా యది. 1950 జనవరి 26నుండి హైదరాబాదు నౌకరునకును, మదరాసు నౌకరునకును ఒక్కటే శాసనము. రాజ్యాంగపు 310వ అధికరణము పాత 'ఇచ్ఛ'ను నిలుపుకొన్నది. 311వ అధికరణము దానికి కళ్ళెము వేసినది. నియమించినవానికంటె తక్కువవాడు తొలగింపరాదు. అభియోగములు తెలిపి, విచారణ జరిపి, చెప్పుకొనుట కవకాశమిచ్చినగాని తొలగింపరాదు. వీనికితోడు 226వ అధికరణము క్రింద హైకోర్టు ప్రభుత్వమునకే ఆజ్ఞాపత్రము లియ్యగలదు; ఉద్యోగములలో సమానావకాశము, అనగా 16వ అధికరణము, భంగమైనచో 32వ అధికరణము క్రింద సూటిగా సుప్రీముకోర్టుకే పోవచ్చును. తాత్కాలిక నౌకరులకు ఈ రక్షణ కలదా యను సందేహమును 1957 నవంబరున పురుషోత్తమలాల్ ధింగ్రా వ్యాజ్యమున తీర్చిరి: తొలగింపు నిజముగా శిక్షయైనచో తాత్కాలికునికిని రక్షణ కలదు, కొలువు షరతుల ప్రకారము ముగిసినచో లేదు.

ఇచ్చట మన సంఘములవారు తప్పక తెలిసికొనదగిన వ్యాజ్య మొకటి కలదు. అది రాజధానులలో పుట్టినది కాదు. గుంటూరు జిల్లా తెనాలి ప్రాంతమున పెరవలిపాలెమను చిన్న గ్రామమున పుట్టినది. పెరవలి గ్రామమును రెండుగా విభజించి, క్రొత్త గ్రామమునకు మునసబును నియమింపవలసివచ్చెను. గాజుల దశరథరామారావు అను నాతడు దరఖాస్తు పెట్టుకొనెను. కాని 1895 నాటి మదరాసు వంశపారంపర్య గ్రామోద్యోగముల చట్టము ప్రకారము, గ్రామములు విభజింపబడినపుడు పాత యుద్యోగుల వంశములవారికే ముందు హక్కు. పాత మునసబు కుమారుని పక్షమున పై యధికారులు నిర్ణయము చేసిరి. దశరథరామారావు పై మెట్లన్నియు నెక్కి, తుదకు 32వ అధికరణము క్రింద సుప్రీముకోర్టుకే పోయెను. ప్రభుత్వపక్షమువారి వాదము వినదగినది: గ్రామ మునసబు పని యుద్యోగము కాదు, అది వంశపు టాస్తి. సుప్రీముకోర్టు 1960లో దీనిని త్రోసిపుచ్చెను. అది రాజ్యము క్రింది యుద్యోగమే; వంశమును బట్టి మాత్రమే యొకనికి ముందు హక్కిచ్చుట 16వ అధికరణమునకు విరుద్ధము; ఆ మేరకు చట్టము చెల్లదు.

కరణీకములు, మునసబీలు, పటేలు పట్వారీగిరీలు తరతరములుగా అనుభవించిన కుటుంబములు మన పాఠకులలోను ఉండవచ్చును. వానివలన బాధపడిన కుటుంబములును ఉండవచ్చును. ఇరువర్గములవారికిని మేము చెప్పునదేమన, కులసంఘముల సంచికలలో శాసనసభాసభ్యుల ఛాయాపటముల నచ్చువేయుట పరిపాటి. పెరవలిపాలెపు టర్జీదారుని పేరు మాత్రము ఏ సంచికలోను మాకు కనబడలేదు. 1951 ఏప్రిలులో మదరాసు జిల్లామునసబుల నియామక వ్యాజ్యమున బి. వేంకటరమణ పక్షమున వచ్చిన తీర్పు, ఆనాటి కమ్యూనలు జి. ఓ. ను చెల్లదన్నదిగా అందరికిని తెలియును. ఏ వర్గములకు ఎన్ని స్థానములను సంగతిపై సంఘములు పెట్టిన శ్రద్ధ, ఉన్న స్థానము పోయినవాడు ఏమిచేయవలెనను సంగతిపై పెట్టలేదు.

ఇప్పుడు ముల్కీ కథకు తిరిగి వత్తము. 1952 సెప్టెంబరున హైదరాబాదులో ముల్కీ యాందోళనము సాగి, హైకోర్టు ప్రక్కనేయున్న సిటీ కాలేజీ ప్రాంతమున కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. న్యాయమూర్తి పింగళి జగన్మోహనరెడ్డి విచారణ జరిపెను. ఉద్యోగ వివాదము వీధిలో తేలరాదు, కోర్టులో తేలవలెనని యప్పటికే పలువురికి తోచియుండును. కాని కోర్టులో తేలినప్పుడును శాంతి కలుగలేదు. తెలంగాణమున నివసించువారికే అక్కడి కొలువులని పార్లమెంటు 1957లో చేసిన చట్టమును, ఎ. వి. యస్. నరసింహారావు మున్నగువారి యర్జీపై 1969 మార్చి 28న సుప్రీముకోర్టు కొట్టివేసెను. నివాసనియమము పెట్టవలెనన్న రాష్ట్రమంతటికిని పెట్టవచ్చునేకాని, రాష్ట్రములోని యొక భాగమునకు పెట్టరాదనెను. ఆ యేడు తెలంగాణమున జరిగినదంతయు మనకు తెలిసినదే. పిమ్మట, 1919 నాటి పాత ముల్కీ నిబంధనలు చచ్చినవా, బ్రదికియున్నవా యను ప్రశ్న వచ్చెను. 1972 ఫిబ్రవరి 14న హైకోర్టు పూర్ణపీఠము చచ్చినవనెను. అదే యేడు అక్టోబరు 3న, వెంకటరెడ్డి వ్యాజ్యమున, సుప్రీముకోర్టు బ్రదికియేయున్నవనెను. వెనువెంటనే ఆంధ్రప్రాంతమున జై ఆంధ్ర యుద్యమము చెలరేగెను. రెండు తీర్పులు, రెండు ప్రాంతములు, రెండు ఉద్యమములు! ఏ గుమాస్తా కొలువు ఎవరి కను ప్రశ్నపై రాష్ట్రపతి పాలన వచ్చినది.

దీనికి ప్రభుత్వము కనుగొన్న మందు 1973 సెప్టెంబరు నాటి ఆరుసూత్రముల పథకము, దాని వెనువెంట 32వ రాజ్యాంగ సవరణ, 371-డి అధికరణము. స్థానిక క్యాడరులు, స్థానిక అభ్యర్థులు మొదలైనవి పాఠకులెరిగినవే. మాకు గావలసినది ఆ యధికరణపు మూడవ, అయిదవ ఖండములు. మూడవ ఖండమువలన ఉద్యోగ వివాదములకై ప్రత్యేకముగా ఆంధ్రప్రదేశ్ అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునలు ఏర్పడెను. 1976లో పని మొదలిడెను. హైకోర్టుకు ఆ వివాదములపై అధికారము తీసివేయబడెను. దేశములో ఇట్టి ట్రిబ్యునలు మొదట పుట్టినవానిలో మనది యొకటి. అంతవరకు బాగుగానేయున్నది: ఖర్చు తక్కువ, త్వరగా తీర్పు, ఉద్యోగ నిబంధనలెరిగిన న్యాయాధికారులు. అయిదవ ఖండమును చదువుడు. ట్రిబ్యునలు తీర్పును రాష్ట్రప్రభుత్వము ధ్రువపరచిన పిమ్మటనో, మూడు నెలలు గడచిన పిమ్మటనో యది యమలులోనికి వచ్చును. ఈలోపల ప్రభుత్వము కారణములు వ్రాసి ఆ తీర్పును మార్చవచ్చును, రద్దును చేయవచ్చును.

ప్రతివాది యెవరు? ప్రభుత్వము. ఓడినవా రెవరు? ప్రభుత్వము. తీర్పును రద్దుచేయువా రెవరు? ఆ ప్రభుత్వమే. మూసీ యొడ్డున 1949లో ముగిసినదనుకొన్న ఫర్మానా, సచివాలయమున జి. ఓ. రూపమున మరల పుట్టినదనిన అతిశయోక్తి కాదని మా యభిప్రాయము. రాజ్యాంగములోనే వ్రాయబడిన మాట గనుక దీనిని ప్రశ్నించుట సులభము గాదు. అయినను పి. సాంబమూర్తి మొదలగువారు ప్రశ్నించిరి. 1986 డిసెంబరున ప్రధాన న్యాయమూర్తి పి. యన్. భగవతి యధ్యక్షతగల పీఠము, ఈ యధికారము చట్టబద్ధపాలనకే విరుద్ధమనియు, రాజ్యాంగపు మూలస్వరూపమును భంగపరచుననియు చెప్పి అయిదవ ఖండమును కొట్టివేసెను. వాదిప్రతివాదులలో నొకరే తీర్పునకు యజమానులగుట చెల్లదని దీని సారాంశము. ట్రిబ్యునలు పుట్టి పది సంవత్సరములైన పిమ్మట గాని దాని తీర్పు నిజముగా తీర్పు కాలేదు.

ఇంకొక ముడి మిగిలెను. 1976 నాటి 42వ సవరణవలన 323-ఎ అధికరణము వచ్చెను; దాని క్రింద 1985లో పార్లమెంటు అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునలుల చట్టమును చేసెను. కేంద్రోద్యోగులకు కేంద్ర ట్రిబ్యునలు, హైదరాబాదునందును దాని పీఠము వచ్చినవి. ఈ ట్రిబ్యునలుల తీర్పుపై సుప్రీముకోర్టుకు తప్ప హైకోర్టుకు పోరాదు. ఢిల్లీకి పోగల శక్తి ఎందరు గుమాస్తాలకు గలదు? ఒక నెల జీతము రైలు టిక్కెట్లకు, వకీలు ఫీజులోని మొదటి వాయిదాకు చాలదు. 1993లో, శాకినాల హరినాథ్ వ్యాజ్యమున, మన యాంధ్రప్రదేశ్ హైకోర్టు పూర్ణపీఠము సాహసించి, హైకోర్టుల యధికారమును ఇట్లు తీసివేయుట రాజ్యాంగ విరుద్ధమని చెప్పెను. ఆ ప్రశ్నయే తుదకు సుప్రీముకోర్టున ఏడుగురు న్యాయమూర్తుల పీఠము ముందుకు వచ్చెను. 1997 మార్చి 18న, యల్. చంద్రకుమార్ వ్యాజ్యమున, మన హైకోర్టు చెప్పిన మాట నిలిచెను: ఉద్యోగి మొదట ట్రిబ్యునలుకే పోవలెను, ట్రిబ్యునలు తీర్పుపై ఆ ప్రాంతపు హైకోర్టున ఇద్దరు న్యాయమూర్తుల పీఠమునకు పోవచ్చును, ఆపైన సుప్రీముకోర్టు. దేశమంతట నేటికిని అనుసరింపబడు ఈ సూత్రమునకు మూసీ యొడ్డున పునాది పడినదని మన నగరవాసులు గర్వింపవచ్చును.

అయితే వాకిలి తెరచియున్నంత మాత్రమున లోపల నడిగినదెల్ల దొరకదు. పెక్కుమంది మనవారు భ్రమపడుట యిచ్చటనే. హైకోర్టు శాఖాపరమైన విచారణపై అప్పీలు కోర్టు కాదు. దీనిని స్థాపించిన వ్యాజ్యమును మనదే: 1963 నాటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము, శ్రీరామారావు వ్యాజ్యము. సబ్‌ఇన్‌స్పెక్టరు బర్తరఫును హైకోర్టు సాక్ష్యమును తిరిగి తూచి రద్దుచేయగా, సుప్రీముకోర్టు ఆ తీర్పును త్రిప్పివేసెను. విచారణ జరుపదగిన యధికారి జరిపెనా? సహజన్యాయ సూత్రములను పాటించెనా? సాక్ష్యమేమియు లేకయే నిర్ణయించెనా? ఇంతవరకే కోర్టు చూచును. కొంతైన సాక్ష్యమున్నయెడల, అది చాలునా చాలదా యను తూకము కోర్టు పని కాదు. 1975లో చిత్రా వెంకటరావు అను నుద్యోగి ప్రయాణభత్యపు వ్యాజ్యమునందును ఇదే మాట. కావున 'నేను తప్పు చేయలేదు' అనుదానికంటె 'నన్ను విచారించిన తీరు తప్పు' అనునది కోర్టులో బలమైన మాట. సామాన్యునికిది వింతగా తోచును. ఇంటిలో తల్లి కూడ నమ్మిన నిర్దోషిత్వము కోర్టులో చెల్లక, ఒక కాగితము ఇయ్యలేదను లోపము చెల్లుచున్నది.

ఆ కాగితమును గూర్చిన వ్యాజ్యము కూడ మన నగరమునుండియే పోయినది. హైదరాబాదు ఇ. సి. ఐ. యల్. కర్మాగారమునకు చెందిన బి. కరుణాకర్ వ్యాజ్యమున 1993 అక్టోబరు 1న రాజ్యాంగ పీఠము, విచారణాధికారి నివేదిక ప్రతిని ఉద్యోగికి ముందుగా నిచ్చి, దానిపై వాని మాట వినిన పిమ్మటనే శిక్ష నిర్ణయింపవలెనని తీర్పుచెప్పెను. 42వ సవరణవలన శిక్షను గూర్చిన రెండవ నోటీసు పోయినది. నివేదికను చూచి బదులు చెప్పు హక్కు మాత్రము పోలేదు. పాఠకులు గమనింపవలసినది మరియొకటి: నివేదిక ఇయ్యలేదనుటచేతనే శిక్ష దానంతట రద్దు కాదు; ఇయ్యనందున తనకు జరిగిన నష్టమును ఉద్యోగి చూపవలెనని ఆ తీర్పే చెప్పినది.

ఇక కాలపరిమితి. 1985 చట్టము క్రింద, ముందుగా శాఖలోని అప్పీలు, పునర్విచారణ మొదలైన మార్గములను పూర్తి చేయవలెను. అప్పీలు పెట్టి ఆరు నెలలైనను బదులు రానియెడల పూర్తియైనట్లే. తుది యుత్తర్వు వచ్చిన యేడాది లోపల ట్రిబ్యునలుకు పోవలెను. బదులే రానియెడల ఆ యారునెలలు గడచిన పిమ్మట నింకొక యేడాది. చట్టము చెప్పని యర్జీలను మరల మరల పెట్టుటవలన గడువు పెరుగదని 1989లో యస్. యస్. రాథోడ్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు స్పష్టముగా చెప్పెను. మనవారిని ఎక్కువగా ముంచినది ఈ యర్జీల యలవాటే యని మా యనుభవము. మంత్రిగారికొకటి, శాసనసభ్యునికొకటి, సంఘాధ్యక్షుని సిఫారసుతో నొకటి. ప్రతిదానికి 'పరిశీలించెదము' అని మంచిమాట. ఈ మంచిమాటల నడుమ యేడాది గడచిపోవును. అర్జీ నిజాము కాలపు సాధనము. ఆ కాలము పోయినను దాని మీది మమకారము పోలేదు. సిఫారసు జాబు లిచ్చు మన పోషకులు, దానితోపాటు శాఖాపరమైన అప్పీలు గడువును గూడ నడిగి తెలిసికొన్నయెడల ఆ జాబునకు విలువ హెచ్చును.

తుదకు నేటి స్థితి. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్ర మేర్పడెను. ఆ రాష్ట్రప్రభుత్వము కోరగా 2016లో కేంద్రము తెలంగాణమునకు సంబంధించినంతవరకు ట్రిబ్యునలును రద్దుచేసెను. 2020లో ఆంధ్రప్రదేశమునందును అది రద్దయ్యెను. 2019 జనవరి 1నుండి రెండు రాష్ట్రములకు వేర్వేరు హైకోర్టులు. ఇందుచేత ఛత్రినాకయందలి రాష్ట్రోద్యోగి, శాఖలోని మార్గములు ముగిసిన పిమ్మట, 226వ అధికరణము క్రింద సూటిగా హైకోర్టుకే పోవును. మొదట ఏకన్యాయమూర్తి వినును, ఆ తీర్పుపై ఇద్దరు న్యాయమూర్తుల పీఠమునకు రిట్ అప్పీలు కలదు. హైకోర్టునకు యేడాది యను గట్టి గడువు లేకున్నను, కారణము లేని యాలస్యమును న్యాయమూర్తులు సహింపరు. రైలు, తపాలా మొదలగు కేంద్రశాఖలవారికి కేంద్ర ట్రిబ్యునలు హైదరాబాదు పీఠమే మొదటి మెట్టు. కోర్టులలో పనిచేయు సిబ్బంది యే ట్రిబ్యునలు పరిధిలోను లేరు. 371-డి ట్రిబ్యునలు విషయమున 1978లోనే యల్. వి. ఎ. దీక్షితులు వ్యాజ్యమున ఇది తేలినది. సైనికుల మార్గము వేరు. కర్మాగార కార్మికులకు పారిశ్రామిక న్యాయస్థానములు కలవు.

ట్రిబ్యునలు పోవుట లాభమా నష్టమా యని వకీళ్ళలోనే భిన్నాభిప్రాయములు కలవు. ఒక మెట్టు తగ్గినదని కొందరందురు. ఉద్యోగ వ్యవహారములకే కేటాయింపబడిన న్యాయస్థానము పోయి, మిగిలిన వ్యాజ్యములతో కలిసి వేచియుండవలసివచ్చినదని కొందరందురు. మాకు రెండవ మాటయందే సత్యము ఎక్కువగా దోచుచున్నది. ట్రిబ్యునలులో పెండింగునందున్న దస్త్రములన్నియు హైకోర్టుకు బదిలీ యైనపుడు, ఆనాడు వెంకటరావునకు దొరకని వాకిలి వీరికి దొరకినను, ఆ వాకిట నిలిచిన వరుస మాత్రము మిక్కిలి పొడవైనది.